అలైన్‌మెంట్‌కి ముందు రాడ్ ఎండ్ చూడండి
టైరు ఒకవైపే అరిగితే వెంటనే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించమని ఇక్కడ ఒక పోస్టులో రాశారు. దానికి ముందు చూడాల్సింది ఒకటుంది. తోటల నుంచి పొదలకూరు మార్కెట్‌కి నిమ్మకాయల బస్తాలు తోలే పికప్ నాది. ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా గుండయిపోయింది, బయటివైపు గాళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా అదే వరస. చివరికి ఒక మెకానిక్ అన్న జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపితే టక్ టక్‌మని ఆడింది. టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఉండే జాయింట్, లూజు! అది ఆడుతుంటే ఎన్నిసార్లు సరిచేసినా టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) నిలవదు. దాన్ని మార్చి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించాక టెన్షన్ పోయింది. టైరు మీద అరచేయి అడ్డంగా రుద్ది చూడండి. పోయేటప్పుడు నున్నగా ఉండి, వచ్చేటప్పుడు రంపంలా గుచ్చుకుంటే టో తేడా ఉన్నట్టే. లోడు బండ్లు నడిపే అన్నలు లోపలి అంచును వంగి చూడండి, నిలబడితే కనపడదు.