పదహారు ఫ్రేముల నిశ్చితార్థం

మా మేనకోడలి నిశ్చితార్థం ఆగిపోయినంత పనైంది. లాంఛనాల దగ్గర కాదు, జాతకాల దగ్గర కాదు. రైజెన్ 7 7800ఎక్స్‌3డీ గొప్పదా, కోర్ ఐ9 14900కె గొప్పదా అన్న దగ్గర. రెండూ కంప్యూటర్ ఆటలాడేవాళ్లు మోజుపడే ప్రాసెసర్లు, అంటే కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్పులు. మొదటిది ఏఎండీ కంపెనీది, రెండోది ఇంటెల్‌ది.

నవ్వేవాళ్లు నవ్వండి. ఇంట్లో ఇరవయ్యేళ్ల కుర్రాడున్నవాళ్లు నవ్వరని నాకు తెలుసు. మా రోజుల్లో ఈ జిల్లాల్లో హీరోల పేరు చెప్పి కొట్టుకునేవాళ్లం. కనీసం టికెట్టు కొని, సినిమా చూసి, బయటికొచ్చి కొట్టుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలు కొనని, కొనలేని చిప్పు కోసం ప్రాణాలిస్తున్నారు.

పెళ్లికొడుకు వాళ్లది గుంటూరు. అరండల్‌పేటలో హాలు. తాంబూలాలు మార్చుకోవడం అయిపోయి రెండో బంతి కూర్చుంది. మా మేనల్లుడు, అంటే పెళ్లికూతురి తమ్ముడు, విజయవాడలో బీటెక్ మూడో ఏడు, ఇంటెల్ పక్షం. ఎదురాకు ముందు కూర్చున్నది పెళ్లికొడుకు తమ్ముడు, ఏఎండీ భక్తుడు. ముద్దపప్పు పడేదాకా ఇద్దరూ ‘బావా, బావా’ అనుకుంటూనే ఉన్నారు. గోంగూర పడేసరికి ‘బావగారూ’లోకి దిగారు. మన వైపు గౌరవం పెరిగిందంటే గొడవ మొదలైందని అర్థం.

“మీ దాంట్లో 8 కోర్లేగా బావగారూ. మా దాంట్లో 24.”

“ఆ 24లో 16 చిన్న కోర్లు బావగారూ. వాటిని కూడా కలిపి చెప్పుకోవడం మీకే చెల్లింది.”

ఎదుటి కుర్రాడన్నది నిజమే. 14900కెలో పెద్ద కోర్లు, అంటే చిప్పులో పనిచేసే భాగాలు, ఎనిమిదే. మిగతా 16 తక్కువ కరెంటుతో పక్కపనులు చేసిపెట్టేవి. పెళ్లికి ఎనిమిది మంది వంటవాళ్లని, పదహారు మంది ఉల్లిపాయలు తరిగేవాళ్లని తెచ్చి “ఇరవై నాలుగు మంది వంటవాళ్లండీ” అని చెప్పుకోవడం లాంటిది. వీడియో ఎడిటింగ్ లాంటి మోత పనికి ఆ పదహారు మందీ నిజంగానే అక్కరకొస్తారు. ఆటకి మాత్రం పొయ్యి దగ్గర నిలబడేవాడు ముఖ్యం.

7800ఎక్స్‌3డీ గొప్పతనమంతా పోపులపెట్టెలో ఉంది. ప్రాసెసర్‌కి కావలసిన సరుకు ర్యామ్‌లో, అంటే సందు చివర కిరాణా కొట్లో ఉంటుంది. చిటికెడు ఆవాలకి ప్రతిసారీ సందు చివరిదాకా పోయి రావాలంటే మూకుట్లో నూనె మాడుతుంది. అందుకని చేతికందేలా క్యాష్ అని ఒక పోపులపెట్టె పెట్టుకుంటారు. 14900కెకి ఆ ఎల్3 క్యాష్ 36 ఎంబీ. ఏఎండీ వాళ్లు మామూలుగా ఉండే 32 ఎంబీకి ఇంకో 64 ఎంబీని పొరలా అతికించి 96 చేశారు. ఆటలకి ఇది బాగా కలిసొచ్చింది. 2023 ఏప్రిల్‌లో 449 డాలర్లకి వచ్చిన చిప్పు, అదే ఏడు అక్టోబర్‌లో 589 డాలర్లకి వచ్చిన 14900కెతో చాలా ఆటల్లో సరిసమానంగానో, ఒకడుగు ముందో నిలబడింది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, మూడు నెలలుగా మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఇదే హరికథ. శత్రువు బలాలు మావాడికి కంఠతా వచ్చు.

మళ్లీ బంతిలోకి వస్తే, పెళ్లికొడుకు తమ్ముడు ఎడమ చేత్తో ఫోన్ తీసి మంచినీళ్ల గ్లాసుకి ఆనించాడు. ఏదో వీడియో. “చూడండి. మా దానికి 187 ఫ్రేములు, మీ దానికి 171.” ఫ్రేములంటే ఆటలో సెకనుకి వచ్చే బొమ్మల లెక్క. బంతిలో సగం మంది ఆకుల మీంచి వంగి చూశారు. బూరెల పళ్లెం పట్టుకున్నవాడు ఎటు వడ్డించాలో తెలీక మధ్యలో నిలబడిపోయాడు. మా బాబాయ్ ఒకాయన ఇవి ఓట్ల తేడా అనుకుని “పదహారే కదా, రీకౌంటింగ్ అడగండి” అన్నాడు.

మావాడు ముఖం కందగడ్డ చేసుకుని “అది వేరే ర్యామ్ బావగారూ” అని ఏదో అనబోయాడు. అప్పుడన్నాడు అవతలివాడు, హాలంతా వినబడేలా:

“అసలు మీవాళ్లతో చిక్కే ఇది. కొత్తది తెచ్చుకోవాలంటే మదర్‌ని కూడా మార్చాల్సిందే. మా ఇంట్లో అలా కాదు. ఒకే మదర్‌తో ఎన్నేళ్లయినా సర్దుకుపోతాం.”

సరిగ్గా అదే క్షణంలో మా అక్క నేతిగిన్నెతో అతని ఆకు దగ్గరికొచ్చింది.

గరిటె ఆగిపోయింది. “ఎవర్ని మారుస్తావు నాయనా?” అంది.

పాపం కుర్రాడి ఉద్దేశం చిప్పుని కూర్చోబెట్టే మదర్‌బోర్డు. లెక్క కూడా సరైనదే. ఏఎండీ చిప్పు కూర్చునే గూడు, ఏఎం5 సాకెట్, 2022లో వచ్చింది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్‌3డీ కూడా, బోర్డులో ఉండే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుంటే, ఆ పాత బోర్డులోనే కూర్చుంటుంది. 14900కె కూర్చున్న బోర్డుకి మాత్రం వంశం అక్కడితో సరి. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఇంటెల్ కొత్త చిప్పు కోర్ అల్ట్రా అందులో పట్టదు. ఇదంతా నేతిగిన్నె పట్టుకుని కళ్లెర్రజేసిన ఆడపిల్ల తల్లికి వివరించి చెప్పగల మొనగాడు ఆ హాల్లో ఒక్కడూ లేడు. అవతలినుంచి వియ్యపురాలు “ఒకే మదర్‌తో సర్దుకుంటామన్నాడు, అందులో తప్పేముంది వదినగారూ” అని కొడుకుని మెచ్చుకుంటూ మాట కలిపింది. అంతే. ఇక ప్రాసెసర్లు పక్కకిపోయి, పోయినసారి కాఫీ చల్లారిపోయాక ఇచ్చిందెవరు అన్నదాకా వెళ్లింది.

కాపాడింది మా పెదనాన్న. కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. మజ్జిగ పోయించుకుంటూ తలెత్తకుండానే “ఎన్ని వాట్లురా ఒక్కోటి?” అన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడు నెలల హరికథలో ఈ పద్యం లేదు.

ఫోన్లో వెతికి చెప్పారు. 14900కె గట్టిగా పరిగెడితే 253 వాట్లదాకా తాగొచ్చని కంపెనీ లెక్క. 7800ఎక్స్‌3డీది 120, ఆటలాడేటప్పుడు చాలావరకు వందలోపే. పెదనాన్న వేలితో ఆకు మీద మజ్జిగతో లెక్క వేశాడు. “తేడా వంద అనుకో. రోజుకి నాలుగు గంటలు. నెలకి 12 యూనిట్లు.”

“అంతేగా తాతయ్యా.”

“స్లాబు మారిన నెల మీ నాన్న చెప్తాడు అంతేనో కాదో. అదలా ఉంచు. ఆ వాట్లన్నీ ఎక్కడికి పోతాయి? నీ గదిలోకే. ఆ వేడిని బయటికి తోడటానికి ఏసీకి మళ్లీ కరెంటు.”

మావాడి గది నేను చూశాను. సత్యనారాయణపురంలో మేడ మీద, శ్లాబుకి నేరుగా ఎండ కొట్టే గది. మే నెల మధ్యాహ్నం ఆ గోడకి చెయ్యి ఆనిస్తే వెనక్కి తీసుకుంటాం. ఆ వీడియోలవాళ్లు చల్లటి గదిలో కూర్చుని “కూలర్ బ్రహ్మాండం” అంటారు. ఎంత ఖరీదైన కూలరైనా గదిలో ఉన్న గాలికంటే చిప్పుని చల్లబరచలేదు కదా. బెజవాడ ఎండలో ఆ గాలే వడగాలి. 7800ఎక్స్‌3డీ 89 డిగ్రీల దగ్గర, 14900కె 100 డిగ్రీల దగ్గర తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి. ఈ ఊళ్లో మనుషులు అంతకు చాలా ముందే తగ్గించుకుంటారు.

ఇంతకీ మావాడి టేబుల్ మీద ఉన్నదేంటి? జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 2019 నాటిది. 60 హెర్ట్జ్ మానిటర్. ఆ కార్డు పక్కన 14900కె పెట్టినా, 7800ఎక్స్‌3డీ పెట్టినా కొత్త ఆటల్లో వచ్చే ఫ్రేములు దాదాపు అవే, ఎందుకంటే బండి ఈడ్చలేనిది ఆ కార్డు. ప్రాసెసర్ల తేడా పైకి కనబడాలనే ఆ వీడియోలవాళ్లు అన్నిటికంటే ఖరీదైన కార్డు పెట్టి, రిజల్యూషన్ తగ్గించి మరీ కొలుస్తారు. సరే, 187 ఫ్రేములే వచ్చాయనుకుందాం. మానిటర్ సెకనుకి చూపించేది 60. మిగతా 127 ఎవరు చూస్తారురా అంటే “లేటెన్సీ తగ్గుతుంది మావయ్యా” అంటాడు, అంటే మీట నొక్కాక తెర మీద కనబడేదాకా పట్టే ఆలస్యం. తగ్గుతుంది, కాదనను. పిలిస్తే అన్నానికి కిందికి రావడంలో లేటెన్సీ మాత్రం మూడేళ్లుగా నలభై నిమిషాలు.

ఈ దేవుళ్లిద్దరికీ మచ్చలున్నాయని కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో కొన్ని ఎక్స్‌3డీ చిప్పులు బోర్డులోనే కాలిపోతే ఏఎండీ వోల్టేజికి 1.3 వోల్టుల దగ్గర గిరి గీసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు ఉన్నట్టుండి క్రాష్ అవుతుంటే, వోల్టేజి మితిమీరుతోందని ఇంటెలే ఒప్పుకుని, చిప్పుని లోపలినుంచి నడిపే మైక్రోకోడ్ సవరించి, వారంటీ రెండేళ్లు పెంచింది. రెంటికీ హైవోల్టేజే. ఇది విని పెదనాన్న చాలా సంతోషించాడు, ముప్పయ్యేళ్ల సర్వీసులో తను విన్న ఫిర్యాదే ఇదంతా అన్నాడు.

ఇంతవరకూ సరదాకి రాశాను. నా కడుపుమంట వేరే.

2025 వేసవిలో కీబోర్డు కోసం విజయవాడలో ఒక కంప్యూటర్ల కొట్టుకి వెళ్లాను. నా ముందు ఒక పెద్దాయన, పక్కన కూతురు. “కాయలు తోలి ఇటే వస్తున్నామండీ” అంటున్నాడు కొట్టతనితో. ఆ ఏడు మిర్చి ధర ఏమైందో గుంటూరు యార్డు గేటు దాటినవాళ్లెవరినడిగినా చెప్తారు. ఆయన ముందు గాజు తలుపు క్యాబినెట్, లోపల మూడు ఫ్యాన్లు, ఎరుపూ నీలం లైట్లు, తిరనాళ్లలో ప్రభలాగా. “ఐ7 అండీ. గేమింగ్, ఎడిటింగ్, కోడింగ్, అన్నీ. పాపకి ఉద్యోగం వచ్చాక కూడా ఇదే వాడుకుంటది.” 38,000.

ఆ పిల్ల మెల్లిగా అడిగింది. “ఎన్నో జనరేషన్ అండీ?”

“ఐ7 అంటున్నాగా అమ్మా. ఐ5 కాదు.”

తెర మీద నాకు కనబడుతూనే ఉంది. ఐ7 4770. నాలుగో తరం, 2013 నాటిది. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పెట్టెలోంచి పీకి, లైట్లు తగిలించారు. ఐ7 అంటే ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో 2013లో పుట్టినవాడూ ఉన్నాడు, 2023లో పుట్టినవాడూ ఉన్నాడు. 2022లో వచ్చిన బుల్లి ఐ3 12100లోనూ కోర్లు నాలుగే, ఒకేసారి నడిపే పనులు, అంటే త్రెడ్లు, ఎనిమిదే, అయినా ఈ ముసలి ఐ7ని సునాయాసంగా దాటేస్తుంది. విండోస్ 11కి ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ చిప్పుల్ని, ఒకటీ అరా తప్ప, మైక్రోసాఫ్ట్ లెక్కలోకే తీసుకోదు. విండోస్ 10కి మద్దతు ఆ ఏడు, 2025 అక్టోబర్ 14తో సరి. అంటే ఆ పిల్ల మొదటి సెమిస్టర్ ముగియకముందే. ఇది కొట్టతనికి తెలుసు. తెలిసే లైట్లు పెట్టాడు. పెద్దాయన బనీను జేబులోంచి నోట్లు తీసి, వేలు తడి చేసుకుని, రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ దొంగవెధవ మూడోసారి లెక్కపెట్టుకున్నాడు, మోసపోతానేమోనని!

పక్కనే బల్ల మీద మోచేతులు ఆనించి ఇద్దరు కుర్రాళ్లు ఎక్స్‌3డీ గొప్పదా, ఐ9 గొప్పదా అని పోట్లాడుకుంటున్నారు. 4770 అంటే ఏంటో వాళ్లకి తెలుసు. పదహారు ఫ్రేముల కోసం చొక్కాలు చించుకునే నోళ్లు, ఆ పిల్ల అడిగిన మూడు మాటల ప్రశ్నకి లేవలేదు. ఒక్కడంటే ఒక్కడు తల తిప్పి “కొనకండి” అనలేదు.

నేనా? నేను కీబోర్డు ఎంత అని అడిగాను.

మావాడు ఇంకా ఏమీ కొనలేదు. ఏది కొందామన్నా ఇంకోటేదో వస్తోందంటాడు. పెళ్లి మాఘంలో పెట్టుకున్నారు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దని పెదనాన్న ఇప్పుడే చెప్పి ఉంచాడు. మా అక్క ఇంకో మాట చెప్పింది. పెళ్లికొడుకు తమ్ముడి ఆకులో నెయ్యి ఎవరైనా వెయ్యొచ్చట, తను మాత్రం వెయ్యదట.