బుస్సుమనని వాల్వు

ఎస్ప్రెస్సో యంత్రంలో కాఫీ దిగుతున్నప్పుడు జరిగే హడావుడి అందరికీ కనిపిస్తుంది. కాఫీ దిగాక జరగవలసిన అసలు పని మాత్రం యంత్రం కడుపులో, బొటనవ్రేలంత ఇత్తడి వాల్వులో, ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది. అది జరగని రోజున ఏమవుతుందో విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా అక్కయ్య వంటింటి పైకప్పును చూస్తే తెలుస్తుంది.

మా బావగారు ఉక్కు కర్మాగారంలో హైడ్రాలిక్ వాల్వుల మధ్య ఉద్యోగజీవితమంతా గడిపి, పదవీ విరమణ చేసిన ఇంజనీరు. మూతపడిన ఒక కాఫీ దుకాణం తన సామాను అమ్మేస్తోందని తెలియగానే, అక్కడి ఎస్ప్రెస్సో యంత్రాన్ని బేరమాడి ఆటోలో ఇంటికి చేర్చారు. అరకు కాఫీ మనకు ఇంత దగ్గరలో పండుతూ, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా పొందాక, ఇంకా చికోరీ కలిపిన పొడిని ఫిల్టరులో వేసుకు త్రాగడం ఏమిటన్నది ఆయన వాదన. ఆ వాదనకు అక్కయ్య ఎదురు చెప్పలేదు. అయితే ఫిల్టరును అటక ఎక్కించనూ లేదు.

యంత్రానికి జరిగిన సేవ సామాన్యమైనది కాదు. సముద్రపు గాలికి మా ఊళ్ళో కిటికీ ఊచల దగ్గరి నుంచి సైకిలు గొలుసు దాకా అన్నీ తుప్పు పట్టుతాయి కనుక, బావగారు ప్రతి ఉదయమూ మెత్తని గుడ్డతో దాన్ని తుడిచి, అందులో తన ముఖం కనిపించాకనే ఫలహారానికి కూర్చునేవారు. ఆ శుభ్రత అంతా బయటి రేకుకు మాత్రమే దక్కిందన్న సంగతి తర్వాత గాని బయటపడలేదు.

మా మేనకోడలి పెళ్ళిచూపులకు విజయనగరం నుంచి మగపెళ్ళివారు వచ్చిన రోజు అది. పిల్లవాడి తండ్రి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లని లాల్చీ, దాని మీద జరీ అంచు ఉత్తరీయంతో వచ్చారు. బావగారు ఆయనను సోఫాలో కూర్చోనివ్వకుండా నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి యంత్రం ముందు నిలబెట్టారు.

“దీని గొప్పతనమంతా త్రీ వే సోలెనాయిడ్ వాల్వులో ఉందండీ. మూడు దారులు. ఒకటి బాయిలరు నుంచి వేడినీరు వచ్చేది, ఒకటి కాఫీ పొడి ఉన్న గ్రూప్ హెడ్‌కు పోయేది, మూడోది క్రింద ట్రేలోకి దిగేది. మీట నొక్కగానే కాయిల్‌లో కరెంటు పారి, అది అయస్కాంతమై, లోపలి ప్లంజర్ అనే ఇనుప కడ్డీని పైకి లాగుతుంది. నీటి దారి తెరుచుకుంటుంది, ట్రే దారి మూసుకుంటుంది.”

“అది సరేనండీ, అమ్మాయి ఏం చదువుకుంది?” అని ఆయన మర్యాదగా అడిగారు.

“ఆ విషయానికే వస్తున్నాను” అంటూ బావగారు ఒత్తిడి విషయానికి వచ్చారు. పొడి మీద నీటి ఒత్తిడి 9 బార్లు ఉంటుందనీ, అది కారు టైరులోని గాలి ఒత్తిడికి సుమారు నాలుగు రెట్లనీ, పంపు ఆగినంత మాత్రాన అది మాయమైపోదనీ వివరించారు. కరెంటు ఆగగానే స్ప్రింగు ప్లంజర్‌ను క్రిందికి నెట్టి, నీటి దారి మూసి, ట్రే దారి తెరుస్తుంది. పొడి మీద మిగిలిన ఒత్తిడి బుస్సుమంటూ ట్రేలోకి పోతుంది. అప్పుడే పొడి గిన్నె ఉన్న హ్యాండిల్ విప్పాలి. 1961లో ఇటలీలో వచ్చిన ఫేమా ఇ61 యంత్రంలో ఇదే పనిని కరెంటుతో నిమిత్తం లేకుండా చేతిమీటతో తిరిగే క్యామ్ చేసేదని కూడా చెప్పారు. చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. కాఫీ కూడా లోపం లేకుండా దిగింది. 18 గ్రాముల పొడికి, అర నిమిషంలో, పైన బంగారు రంగు నురగతో.

బావగారు మీట ఎత్తారు. లోపల టిక్కుమంది.

“ఇప్పుడు ట్రేలో వినండి” అన్నారు. కాబోయే వియ్యంకుడు ఉత్తరీయం వెనక్కి వేసుకుని, వంగి, ట్రే దగ్గర చెవి పెట్టారు. బుస్సుమనలేదు. పంపు ఆగినా గొట్టాల నుంచి కాఫీ చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఒత్తిడి ఇంకా పొడి మీదనే కూర్చుని ఉందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. మరొక్క నిమిషం ఆగి ఉంటే ఆ చుక్కలతోనే అది తగ్గిపోయేది. కాని మన ఇంజనీరుగారు, “చూశారా, చప్పుడు కూడా చేయకుండా వదిలేసింది!” అని హ్యాండిల్‌ను ఎడమకు తిప్పారు.

ఆ తర్వాత వినిపించిన చప్పుడుకు పక్కవాటా వారు గ్యాస్ సిలిండరేమోనని బయటికి పరుగెత్తారు. పొడి, నీరు కలిసిన ముద్ద గ్రూప్ హెడ్ చుట్టూ ఉన్న సందులోంచి నలుదిక్కులకూ, ప్రధానంగా విజయనగరం దిక్కుకు ఎగిరింది. బావగారి వ్రేళ్ళు చురుక్కుమన్నాయి తప్ప ఎవరికీ కాలకపోవడం అదృష్టం. తెల్లని లాల్చీ మాత్రం కుడి భుజం నుంచి అంచు దాకా కలంకారీ అయింది. కళ్ళజోడు తుడుచుకుంటూ పెద్దాయన, “అమ్మాయి చదువు సంగతి...” అని మళ్ళీ మొదలుపెట్టారు. “అన్నయ్యగారూ, మీరు ముందు ఈ తువ్వాలు తీసుకోండి” అంది అక్కయ్య.

తప్పంతా సముద్రపు గాలిదేననీ, కాయిల్ తుప్పు పట్టిందనీ బావగారు అప్పటికప్పుడే తేల్చేశారు. టిక్కుమన్న కాయిల్ ఎలా పాడవుతుందని ఆ క్షణంలో ఆయనను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మర్నాడు వచ్చిన మెకానిక్ కుర్రవాడు కాయిల్ ఊడదీసి, ప్లంజర్ బయటికి తీసి, ట్రే వైపు రంధ్రంలోంచి సూదితో నల్లని గట్టి ముద్దను పెకలించి అరచేతిలో పెట్టి చూపించాడు.

“ఏటి సార్, దీనికి ఒక్కసారైనా బ్యాక్‌ఫ్లష్ చేసినారా?”

వాల్వు ఒత్తిడిని వదిలిన ప్రతిసారీ, పొడి పైనున్న నీరు సన్నని నలుసులనూ కాఫీ జిడ్డునూ వెంటబెట్టుకుని ఆ ఇరుకు దారిలోంచే పోతుంది. బ్లైండ్ బాస్కెట్ అనే రంధ్రాలు లేని గిన్నెను హ్యాండిల్‌లో పెట్టి, కొంచెం శుభ్రపరచే పొడి వేసి, పంపును కొన్ని సెకన్లు నడిపి ఆపితే, దిగే దారిలేని నీరు వాల్వు గుండా వెనక్కి పోయి ఆ జిడ్డును కడిగేస్తుంది. బ్యాక్‌ఫ్లష్ అంటే ఇదే. అలా నాలుగైదుసార్లు చేస్తే చాలు. ఆ గిన్నెను దుకాణం వాళ్ళు యంత్రంతో పాటే ఇచ్చారు. అక్కయ్య దానిలో ఆవాలు పోసుకుంది.

సంబంధం ఖాయమైంది. లగ్నపత్రిక రోజున మగపెళ్ళివారు ఇచ్చిన మర్యాదల జాబితాలో కట్నం ఊసు లేదు, ఆడపడుచు లాంఛనాల ఊసు లేదు. పెద్దాయన స్వహస్తంతో వ్రాసిన ఒక్క వాక్యమే ఉంది: “విడిదిలో ఫిల్టరు కాఫీ మాత్రమే ఇవ్వవలెను; దానిని మా చెల్లెమ్మగారే కలుపవలెను.”