పేషెంట్ తాలూకు ఎవరండీ?

బెజవాడ సూర్యారావుపేట కానీండి, గుంటూరు కొత్తపేట కానీండి, ఏ హాస్పిటల్‌కి వెళ్లినా సిస్టర్ బయటికొచ్చి వేసే మొదటి కేక ఇదే. మొన్నామధ్య మా పెద్దమ్మకి బొడ్డు దగ్గర హెర్నియా, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, బెడ్ మీద కూర్చుని పేపర్ చదువుకుంటోంది, ఆవిడతో ఒక్క మాట అనకుండా మా అన్నయ్యని కౌంటర్ దగ్గరికి పిలిచి ఇంగ్లీషులో ఉన్న నాలుగు కాగితాల మీద ఇక్కడోటి, ఇక్కడోటి అని సంతకాలు పెట్టించేశారు. తెలిసాక పెద్దమ్మ "కోసేది నా పొట్టయితే సంతకం వాడిదేంట్రా?" అంది. జోకేసిందనుకుని నవ్వాం.

2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది కూడా అదే మాట. ఢిల్లీలో 44 ఏళ్ల ఆవిడ, లోపల ఏముందో సన్న గొట్టం కెమెరాతో చూసే లాపరోస్కోపీకి మాత్రమే ఒప్పుకుంది, మత్తులో ఉండగా బయట కూర్చున్న వాళ్లమ్మని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డాక్టరు మంచికే చేసి ఉండొచ్చు, అయినా చెల్లదంది కోర్టు. ఆవిడ మేజరు, ప్రాణం మీదికొచ్చిన పరిస్థితీ కాదు, మెలకువొచ్చాక ఆవిడనే అడగొచ్చు, మధ్యలో అమ్మ ఒప్పుకోవడమేంటి? పైగా టెస్టుకి ఒప్పుకుంటే ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకున్నట్టు కాదు. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, వేరే దారేమైనా ఉందా, ముఖ్యమైన రిస్కులేంటి, చేయించుకోకపోతే ఏమవుద్ది, ఇవి చెప్పి తీసుకుంటేనే అది కన్సెంట్, అంటే అసలైన ఒప్పుకోలు. అబార్షన్ చట్టంలో కూడా మేజరైన ఆవిడ ఒప్పుకుంటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు, అయినా "మీ ఆయన్ని తీసుకురామ్మా" అనే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి.

అలాగని తప్పంతా హాస్పిటల్ వాళ్ల మీదికి నెట్టేస్తే కుదరదు. డాక్టరు గది బయట నిలబడి "అమ్మకి చెప్పకండి సార్, భయపడుద్ది" అని బతిమాలేది మనమే కదా, బిల్లు కట్టేది మనమే కాబట్టి కబురు కూడా మనకే చెప్పాలనుకుంటాం. కొంతమంది పెద్దవాళ్లు నిజంగానే "నాకెందుకు నాయనా, అబ్బాయికి చెప్పండి" అంటారు, అంటే సరే, అదీ వాళ్ల ఇష్టమే, కానీ ఆ ఒక్క ముక్కయినా వాళ్లని అడిగి తెలుసుకోవాలి గదా.

ప్రాణం పోయేలా ఉన్నప్పుడు సంగతి వేరు. బెంజి సర్కిల్ దగ్గర యాక్సిడెంటయి స్పృహ లేకుండా వచ్చినోడి దగ్గర సంతకం కోసం ఎవరూ ఆగక్కర్లేదు, ముందు వైద్యం, పోలీసు కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పేసింది.

ఈ తాలూకు గోలలోనే గుట్టు కూడా పోతుంది. అటెండెంట్ అంటే బావమరిదా, ఎదురింటాయనా ఎవరూ అడగరు, రిపోర్టు చేతిలో పెట్టేస్తారు. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం చాలా గట్టిగా ఉంది, జీవిత భాగస్వామికి చెప్పాల్సొచ్చినా కొన్ని షరతుల మీద డాక్టరో కౌన్సిలరో చెప్పాలే తప్ప ల్యాబ్ కుర్రాడో వార్డు బాయో నోరు తెరవకూడదు. మరి కేసు షీట్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పారో?

నాకు జాలేసేది మాత్రం స్టాఫ్ నర్సుల మీద. ఆపరేషన్ గురించి చెప్పాల్సింది సర్జను, ఫారం పట్టుకుని తిరిగేది ఈ పిల్లలు. పేషెంట్ ఏదైనా అడిగితే "సార్ వచ్చాక అడగండమ్మా" అంటారు, సారేమో థియేటర్లో తప్ప కనపడరు. సంతకం ఉంటే కేసుల నుంచి బయటపడతాం అని హాస్పిటల్ వాళ్లకి ధీమా ఒకటి, కానీ నిర్లక్ష్యం చేస్తే ఏ సంతకమూ కాపాడదు. ఆ మాటకొస్తే డాక్టర్లకి కూడా మరీ అంత భయం అక్కర్లేదు, ప్రతి పొరపాటూ క్రిమినల్ కేసు కాదు, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ అనే డాక్టరు కేసులోనే సుప్రీంకోర్టు అంది.

డిశ్చార్జయ్యాక ఫైలు కాపీ కావాలని పెద్దమ్మే రాసిచ్చింది. ఇవ్వడం కుదరదన్నారు ముందు, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉందని చెబితే సాయంత్రానికల్లా ఇచ్చారు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టుకుని చదువుతా ఒక చోట ఆగి, "మెష్ అంటే వల గదరా, నా పొట్టలో వల పెట్టారా?" అంది. అన్నయ్య నా వంక చూశాడు. సంతకం పెట్టింది వాడేగానీ, ఆ వల సంగతి వాడికీ తెలీదు.