150 గుర్రాలు, ఒక కొత్తిమీర కట్ట

మా కింది ఫ్లాటాయన కొత్త కారు కొన్నారు. ఆ రోజు నుంచి లిఫ్టులో ఎవరు దొరికినా ఒకటే మాట: "150 గుర్రాల శక్తండీ!"

నిన్న పొద్దున ఆ 150 గుర్రాలూ కొత్తిమీర కోసం బయల్దేరాయి. నేను బాల్కనీలో లేచి నిలబడ్డాను, గౌరవం కొద్దీ. వాచ్‌మన్ పరిస్థితి ఆలోచించండి. ఒక్కో గుర్రానికీ రిజిస్టర్‌లో టైం రాయాలి, ఫ్లాట్ నంబర్ వెయ్యాలి. మొత్తం 75 జతలు. మొదటి జత సందు మలుపులో పానీపూరీ బండి దగ్గర ఇరుక్కుంటే చివరి జత ఇంకా సెల్లార్‌లోనే సకిలిస్తుంటుంది. దాని వెనక సీటు బెల్టు పెట్టుకుని ఆయన హారన్ కొడుతుంటారు. కొట్టు 200 మీటర్లు. అరగంటకి దిగ్విజయంగా తిరిగొచ్చారు.

"వాడిపోయిన కట్ట తెచ్చారేంటండీ" అంది వాళ్లావిడ.

ఇక అసలు గుర్రం సంగతి. అమెరికాలో బంకర్ హిల్ యుద్ధ స్మారక స్తంభానికి రాయి మోయడానికి 1826లో క్విన్సీ గనుల నుంచి నది దాకా మూడు మైళ్ల పట్టాల దారి వేశారు. కర్ర పట్టాలు, వాటి మీద ఇనుప బద్దీ. మూడు బండ్లలో 16 టన్నుల గ్రానైట్ ఎక్కించారు, బండ్ల బరువు ఇంకో 5 టన్నులు. లాగింది ఒక్క గుర్రం. దారి పల్లమే, ఒప్పుకుంటాను. మా సందూ పల్లమే.

అసలీ హార్స్‌పవర్ లెక్క కట్టిన జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు అమ్ముకునే మనిషి. నిమిషానికి 33,000 పౌండ్లని ఒక అడుగు ఎత్తితే ఒక గుర్రం అన్నాడు. గుర్రాన్ని పనిలోంచి తీసేసే యంత్రానికి గుర్రం పేరే పెట్టి అమ్మాడు. మా కింది ఫ్లాటాయనకి మూలపురుషుడు ఈయనే.

స్తంభం 221 అడుగులు లేచింది. 1825లో శంకుస్థాపనకి డేనియల్ వెబ్‌స్టర్ అనే రాజకీయ నాయకుడి ఉపన్యాసం, 1843లో పూర్తయ్యాక మళ్లీ ఆయనదే ఉపన్యాసం. రెండూ భద్రంగా ఉన్నాయి. మరి లాగిన గుర్రం పేరేంటి? ఎవడికి కావాలి! రాళ్ల బండ్లకి కట్టి నడిపించారు, అంతే. నోరున్నవాడికి చరిత్ర, నోట్లో కళ్లెం ఉన్నదానికి కొరడా. ఇప్పుడు దాని బలాన్ని బ్రోషర్‌లో అచ్చేసి, ఏసీ వేసుకుని, కాలి బొటనవేలితో తొక్కుతూ "నా గుర్రాలు" అంటాడా! ఒక్క పూట ఒక్క బండరాయి లాగి చూపించమనండి.

కింద కారు స్టార్టయిన చప్పుడు. పుదీనా మర్చిపోయారట.