అత్యవసరం, ఆషాఢం దాకా

విద్యుత్ స్విచ్చు అత్యవసర వేళలో ఎంత అదనపు భారం మోయగలదో లెక్కకట్టే విద్యలో ఇంజినీర్లు వెనకబడి ఉన్నారని, మా చిత్తూరు మాత్రం ఎంతో ముందుకు పోయిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

పుస్తకాల లెక్కలో వేడి సుమారుగా కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు 20 శాతం ఎక్కువైతే వేడి 44 శాతం ఎక్కువవుతుంది. పూత లేని రాగి కాంటాక్టు, అంటే స్విచ్చు మూసినప్పుడు లోహాలు రెండూ ఒకదాన్నొకటి తాకే చోటు, 75 డిగ్రీలు దాటకూడదు కాబట్టి, బయటి గాలి 40 డిగ్రీలు ఉంటుందనుకొని, మిగిలిన 35 డిగ్రీలకు సరిపోయేలా స్తంభం మీద ఉండే ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్చు పలక మీద 400 ఆంపియర్లని రాస్తారు. గాలి 25 డిగ్రీలున్న రాత్రి అదే స్విచ్చు దాదాపు 478 మోస్తుంది. 45కు చేరిన మధ్యాహ్నం 370 దగ్గరే చేతులెత్తేస్తుంది. మనకు బాగా అవసరమైన గడియలోనే అది మొండికేస్తుందన్నమాట. ఇంత క్రమశిక్షణారాహిత్యాన్ని శాస్త్రం ఎలా సహించిందో!

లోహం ఒక్కసారిగా వేడెక్కదన్నది అత్యవసర పరిమితికి ఆధారం. స్విచ్చు ఎంత త్వరగా వేడెక్కుతుందో చెప్పే కాలస్థిరాంకం అరగంట అయితే, తుది పెరుగుదలలో 63 శాతమే మొదటి అరగంటలో వస్తుంది. అందుకే అంతకుముందు తేలికగా నడిచిన స్విచ్చుకు కాసేపు ఎక్కువ ఇవ్వవచ్చు. ఆ కాసేపును పుస్తకాలు నిమిషాల్లో, గంటల్లో కొలుస్తాయి. మా లెక్కలో అది తోతాపురి మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాటిన నాడు మొదలై ఆషాఢం వెళ్ళేదాకా ఉంటుంది. ఈ సవరణను స్విచ్చుకు ఎవరూ తెలియజేసినట్టు లేదు.

స్విచ్చును మూసే లోహపు బ్లేడు తన గాడిలోకి పూర్తిగా దిగిందని, స్ప్రింగు బిగువు తగ్గలేదని, కాంటాక్టు శుభ్రంగా ఉందని ముందే నమ్మేయడం పుస్తకాల సూత్రంలోని మరో అమాయకత్వం. సగం దిగిన బ్లేడుకు మా దగ్గర వేరే సూత్రముంది: "ఏం గాదు సార్, పోయినేడు గూడా ఇట్లే నడిచింది." ఇందులో వర్గమూలాలు లేవు, థర్మామీటరూ అక్కరలేదు, రాత్రి పూట కాంటాక్టు ఎర్రగా కనబడితే వేడిగా ఉన్నట్టు, పగలు కనబడదు కాబట్టి పగలు చల్లగా ఉన్నట్టు.

పై అధికారి తనిఖీకి వస్తున్నారని స్తంభంతోపాటు పలకకు కూడా వెండిరంగు పూసేయడంతో 400 అన్న అంకె ఎలాగూ కనుమరుగైంది. ఆ ఖాళీలో "మామిడి సీజనులో ఎంతైనా" అని రాయించవలసిందిగా నా విన్నపం.