గూడు బండికి ఈఎంఐ

మనిషికి అసలు ఇల్లెందుకు అన్న ప్రశ్న నాకు నలభై మూడో ఏట పుట్టింది, హోమ్ లోన్ ఇంకా పదకొండేళ్ళు ఉండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో వీడియో చూస్తుంటే. అందులో ఒక గడ్డం కుర్రాడు పికప్ వెనక తలుపు తీసుకుని దుప్పట్లోంచి బయటికొచ్చి, మంచు కొండని చూస్తూ కాఫీ తాగాడు. పక్కన కుక్క కూడా కొండనే చూసింది. ఆ కుక్క మొహంలో ఉన్న ప్రశాంతత మా ఇంట్లో ఎవరి మొహంలోనూ లేదని నాకు అప్పుడే తెలిసొచ్చింది. ఆలోచిస్తే కుర్రాడికి ఉన్నవి చాలావరకు నాకూ ఉన్నాయి. గడ్డం ఉంది, కాఫీ ఉంది, కుక్క ఉంది. లేనివల్లా బండీ, కొండా. కొండ ఎక్కడికీ పోదు కాబట్టి ముందు బండి కొన్నాను.

కాబట్టి బాధ్యత గల ప్రతి పౌరుడూ ఒక సెకండ్ హ్యాండ్ పికప్ కొని, దాని తొట్టిలో ఇల్లు కట్టుకుని, కుక్కతో సహా అందులో తిరగాలని దేశానికి విజ్ఞప్తి చేస్తున్నాను. దీన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళలో మా అత్తగారు ముఖ్యులు.

ముందు బండి సంగతి. మన దేశంలో కంపెనీయే క్యాంపర్ అని పేరు పెట్టి అమ్మే పికప్ ఒకటుంది, బొలెరో క్యాంపర్. రెండు వరసల సీట్లుంటాయి, వెనక తొట్టి ఉంటుంది, పడక మాత్రం ఉండదు. మైసూరు బజ్జీలో మైసూరు ఎంతో ఇందులో క్యాంపూ అంతే. పోనీ ఇసుజు వాళ్ళు 2016 నుంచి మన శ్రీసిటీలోనే పికప్‌లు తయారు చేస్తున్నారు కదా అని స్వరాష్ట్రాభిమానంతో షోరూమ్‌కి వెళ్ళాను, ధర ఇరవై లక్షలు దాటుతుందని విని అభిమానాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. చివరికి గుంటూరు మిర్చి యార్డుకి ఆరేళ్ళపాటు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసి అలసిపోయిన సింగిల్ క్యాబిన్ బొలెరో పికప్ ఒకటి దొరికింది. నాలుగు లక్షల పదివేలు. తొమ్మిదడుగుల తొట్టి. అమ్మినాయన తాళాలు చేతికిస్తూ రెండుసార్లు తుమ్మాడు, నేను జలుబనుకున్నాను.

కుక్క సంగతి. దాని పేరు టైగర్. మా వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర పుట్టి, మా ఇంట్లో పెరిగి, ప్రస్తుతం పద్దెనిమిది కిలోలుంది. బండిలోకి కుక్క ఎందుకు అని అత్తగారు అడిగినప్పుడు నేను శాస్త్రాధారం చూపించాను. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఎవరు? తమ్ముళ్ళూ ద్రౌపదీ ఒక్కొక్కరే పడిపోయాక మిగిలింది కుక్కే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, కుక్కని ఎక్కించుకోకపోతే నేనూ ఎక్కనన్నాడు ఆయన. వాహనంలో కుక్కకి చోటు గురించి మన దగ్గర నమోదైన తొలి వివాదం అదే, తీర్పు కుక్క పక్షానే వచ్చింది. పైగా కుక్క కాలభైరవుడి వాహనం, వాహనానికి మరో వాహనం ఏర్పాటు చేయడం పుణ్యమే అవుతుంది. అత్తగారు అంతా విని, "ధర్మరాజు ఆ కుక్క కోసం ప్లైవుడ్ కొన్నాడా నాయనా?" అన్నారు. పెద్దవాళ్ళతో వాదించకూడదు.

బండిని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాను. లారీలకు బాడీలు కట్టడంలో పేరున్న చోటు, చాసిస్‌గా వెళ్ళిన బండి పూలతో, నెమళ్ళతో, "హారన్ ప్లీజ్"తో బయటికొస్తుంది. ఒక షెడ్డు మేస్త్రీ బండి చుట్టూ తిరిగి చూసి, "ఏం లోడు సార్?" అన్నాడు.

"నేనూ, మా ఆవిడా, కుక్కా."

"అది కాదు సార్. సరుకేంటి?"

"స్వేచ్ఛ," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఎన్ని టన్నులుంటది సార్ అది?"

తర్వాత చాలా మర్యాదగా ఒక సలహా ఇచ్చాడు. ఐస్‌క్రీమ్ బండ్లకు వేసే, మధ్యలో ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్ వేస్తానని, తేలిగ్గా ఉంటుందని, వేడి లోపలికి రాదని, మూడు రోజుల్లో పని అయిపోతుందని చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. వీడియోలో కుర్రాడి బండి లోపలంతా చెక్క. ఐస్‌క్రీమ్ డబ్బాలో పడుకుని కొండని చూసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పన్నెండు ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తెప్పించాను, ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి ఇరవై కిలోల పైనే తూగుతుంది, అలాంటివి పద్నాలుగు. దాని మీద వార్నిష్. బయట రేకు. మూడు రోజుల పని రెండున్నర నెలలు పట్టింది, ఎందుకంటే మినిమలిజం, అంటే తక్కువ సామాన్లతో బతకడం, చాలా చోటు అడుగుతుంది. ముందు మంచం ఒక్కటే అనుకున్నాం, మంచం కింద సొరుగులు ఉంటే బాగుంటుంది కదా అన్నాను, సొరుగులుంటే వాటిలో ఏదో ఒకటి పెట్టాలి కదా అని మా ఆవిడ ఆవకాయ జాడీ, గోంగూర జాడీ, ఇడ్లీ రేకులు, చిన్న గ్రైండర్, చుట్టాలెవరైనా దారిలో కలిస్తే పెట్టడానికి రెండు జాకెట్ గుడ్డలు పెట్టింది. తర్వాత అరవై లీటర్ల నీళ్ళ ట్యాంకు, సింకు, స్టవ్వు, గోడకి మడిచే బల్ల. టైగర్‌కి ప్రత్యేకంగా గుమ్మం పక్కన అర, దాని మీద పేరు. ఇంట్లో ఉన్నవన్నీ వదిలించుకోవడానికి ఇంట్లో ఉన్నవన్నీ ఇంకోసారి కొనాలని వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఈ లోపలి ఖర్చు మూడు లక్షల అరవై వేలు, పర్సనల్ లోన్.

అందరూ భయపెట్టేది చట్టం గురించి. చెబుతాను, భయపడకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్లకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. సరుకు బండి తొట్టిలో మనుషులు ప్రయాణించకూడదు. మోటారు క్యారవాన్లకు, అంటే లోపల ఇల్లున్న బండ్లకు, ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం ఉంది, సక్రమంగా కావాలంటే దాని ప్రకారం కట్టి ఆమోదం తెచ్చుకోవాలి. అంటే పసుపు ప్లేటు మీద ఇల్లు కుదరదు. మా బావమరిది దీనికి అద్భుతమైన ఉపాయం చెప్పాడు. డబ్బాని బండికి వెల్డింగ్ చేయకుండా నాలుగు బోల్టులతో బిగించు బావా, అప్పుడది మార్పు కాదు, సరుకు. ప్రయాణంలో మీరు ముందు క్యాబిన్‌లో కూర్చుంటారు, వెనక వెళ్ళేది మంచం అనే సరుకు, సింకు అనే సరుకు. మరి కుక్క మనిషా, సరుకా అని అడిగితే, ఆగినప్పుడు మనిషి, నడిచేటప్పుడు సరుకు అన్నాడు. బావమరిది లా రెండో సంవత్సరంలోనే మానేశాడని నాకు బోల్టులు బిగించాక గుర్తొచ్చింది.

ఇంక కరెంటు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నా శాస్త్రీయ దృక్పథం మీద నాకే గౌరవం పెరిగింది ఇక్కడే. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి పిండితే తొందరగా చస్తుంది కాబట్టి చేతికొచ్చేది 900. టన్ను ఏసీ గంటకి సుమారు వెయ్యి మింగుతుంది. అంటే ఒక రాత్రి సుఖానికి గంట కూడా రాదు. ఫ్యాను అయితే ముప్పై వాట్లే, హాయిగా మర్నాటిదాకా తిరుగుతుంది. కాబట్టి ఫ్యాను, పైకప్పు మీద సోలార్ ప్యానెల్. ప్యానెల్ పనిచేయాలంటే బండి ఎండలో నిలబెట్టాలి. ఎండలో నిలబెడితే రేకు పెనం అవుతుంది, ఆ వేడి తట్టుకోవడానికి ఫ్యాను కావాలి, ఆ ఫ్యానుకి కరెంటు ప్యానెల్ ఇస్తుంది. చెట్టు కింద నిలబెడితే ఫ్యాను అక్కర్లేదు, ప్యానెల్ కూడా అక్కర్లేదు, నిజానికి డబ్బా కూడా అక్కర్లేదు, చెట్టు చాలు. ఈ చివరి మాట దగ్గర నేను లెక్క ఆపేశాను.

మే మొదటి వారంలో బయల్దేరాం. సెలవులు అప్పుడే దొరికాయి. కొండ ఎలాగూ కావాలి కాబట్టి గండికోట. మంచు లేకపోయినా పెన్నా నది కోసుకుపోయిన లోయ ఉంది, చూస్తూ కాఫీ తాగొచ్చు. క్యాబిన్‌లో కిటికీ సీటు టైగర్ తీసుకుంది, గేరు రాడ్డు పక్కన మా ఆవిడ సర్దుకుంది. మూడో గేరు మార్చిన ప్రతిసారీ తను నా వైపు చూసిన చూపులో స్వేచ్ఛ గురించిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

నరసరావుపేట దాటుతుంటే దూరంగా కోటప్పకొండ కనిపించింది. మా తాత శివరాత్రి తిరునాళ్ళకి గూడు బండి కట్టుకుని ఇటే వచ్చేవాడట. పైన తాటాకు గూడు, లోపల గడ్డి పరుపు, పక్కన నీళ్ళ కుండ, ఇరుసు కింద నీడలో నడిచే కుక్క. బండి కింద కుక్క బండిని తానే మోస్తున్నాననుకుందట అని సామెత. అప్పట్లో దాన్నెవరూ మినిమలిజం అనలేదు, తిరునాళ్ళు అన్నారు, ఈఎంఐ కూడా లేదు.

వినుకొండ దాటాక ఒక ఊళ్ళో నీళ్ళు పట్టుకుందామని ఆపి వెనక తలుపు తీశాను. ఐదు నిమిషాల్లో ఆరుగురు ఆడవాళ్ళు గోనెసంచులతో వచ్చారు. "బియ్యం బండి మళ్ళీ మొదలుపెట్టారా బాబూ?" 2021లో రాష్ట్రమంతా 9,260 రేషన్ బండ్లు తిప్పారు కదా, 2025 జూన్ నుంచి ఆపేశారు, పాపం వీళ్ళు ఇంకా ఎదురు చూస్తున్నారు. ఇది బియ్యం బండి కాదమ్మా, ఇల్లు అన్నాను. ఒకావిడ లోపలికి తొంగి చూసి, "ఇల్లు పోయిందా నాయనా?" అని నిజంగానే బాధపడి, రెండు మామిడికాయలు చేతిలో పెట్టి వెళ్ళింది.

నల్లమలలో చెక్‌పోస్టు దగ్గర వెనక ఏముందని అడిగారు. ఆ సమయానికి కుక్కని దాని అరకి అలవాటు చేద్దామని వెనక కట్టేసి ఉన్నాను. ఒక్క రెండు కిలోమీటర్లు ప్రయత్నిద్దామని, అంతే. "టైగర్ ఉంది సార్," అన్నాను, నిజాయతీగా. పులుల అభయారణ్యంలో ఇలాంటి జవాబు చెప్పకూడదు. నలుగురు వచ్చి తలుపు తీశారు. మూడు వందల కిలోల ప్లైవుడ్‌లో పొద్దుటినుంచి ఉడికిన మిర్చి ఘాటు ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది, ఆరేళ్ళ గుంటూరు మిరప పొడి, తొట్టి సందుల్లో ఇరుక్కున్నదంతా. అందరం దగ్గాం. ముందు తేరుకున్నది టైగరే, ఒక్క దూకు దూకి క్యాబిన్‌లోకి వెళ్ళి కిటికీ సీట్లో కూర్చుంది. దానికి చెమటలు పంజాలకి తప్ప పట్టవు, నాలుక బయటపెట్టి వగర్చడమే దాని ఏసీ. ఆ తర్వాత ఆ డబ్బాలో మళ్ళీ కాలు పెట్టలేదు. గుమ్మం పక్క అరలో దాని పేరు మాత్రం ఉంది, అందులో ఇప్పుడు గోంగూర జాడీ ఉంటోంది.

గండికోట చేరేసరికి చీకటి పడింది. హరిత హోటల్ లైట్లు కనిపించాయి. మా ఆవిడ కిందికి దిగి, నడుం పట్టుకుని, చాలా నెమ్మదిగా ఒక లెక్క చెప్పింది. బండీ లోపలి పనీ కలిపి ఏడు లక్షల డెబ్భై వేలు. గది రాత్రికి రెండు వేలనుకున్నా 385 రాత్రులు. మీకున్న సెలవులు ఏడాదికి పదిహేను. డబ్బులు గిట్టుబాటయ్యేసరికి మీకు 68, బండికి 31, టైగర్‌కి 27. ఈ లెక్కలో డీజిల్ లేదండీ అని చెప్పి, బ్యాగు తీసుకుని గది అడగడానికి హోటల్ వైపు నడిచింది. ఆదర్శాలకు ఇంట్లో మద్దతు దొరకదు.

దగ్గర్లో కడప బండల లోడుతో ఒక లారీ ఆగి ఉంది. క్లీనర్ చక్రాల పక్కన స్టవ్వు పెట్టి పప్పు తాలింపు వేస్తున్నాడు, డ్రైవర్ నేల మీద పట్టా పరుచుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి పరిచయం చేసుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా నెలకి ఇరవై రోజులు బండి మీదేనట. వంట, స్నానం, నిద్ర అన్నీ. ఇప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా ఇలాగే బతకాలనుకుంటున్నారు, దీన్ని వ్యాన్ లైఫ్ అంటారని చెప్పాను.

"దీనికి పేరు గూడా పెట్నారా సార్?" అన్నాడు.

2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు కదా అని గుర్తు చేశాను. "మాది పాత బండి సార్," అన్నాడు, నాకొక పళ్ళెం జరిపాడు. పప్పు బాగుంది. నా ఆవకాయ జాడీ తెచ్చాను, అదొక్కటే ఆ బండిలోంచి ఆ రాత్రి పనికొచ్చింది. తర్వాత ఆయన నా డబ్బా లోపల లైటు వేసి చూశాడు, వార్నిష్ మీద చెయ్యి రాసి, మంచి చెక్క అని మెచ్చుకున్నాడు, తుమ్మాడు, వెళ్ళి తన పట్టా మీద పడుకున్నాడు.

నేను పదకొండింటిదాకా లోపలే పట్టుదలగా ఉన్నాను. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది, ఘాటుని నాలుగు మూలలకీ సమానంగా పంచింది. పన్నెండింటికి దుప్పటి తీసుకుని కిందికి దిగాను. బండి కింద, ఇరుసు పక్కన, నేల చల్లబడి ఉంది, లోయలోంచి గాలి వస్తోంది. టైగర్ అప్పటికే అక్కడ కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. కొంచెం జరగవే అన్నాను. ఒక కన్ను తెరిచి చూసింది గానీ, జరగలేదు.