ఖమ్మం పిల్లల పేరు చెప్పి హెచ్‌పీవీ టీకా వద్దంటున్నవాళ్లకు నా జవాబు

హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపడానికి ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మీద ఒక మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఖమ్మంలో మన ఆడపిల్లల మీద ప్రయోగం చేసి ఏడుగురిని చంపేశారు, విషయం బయటికి రాకుండా తొక్కిపెట్టారు, ఈ ఇంజెక్షన్ వేయిస్తే రేపు పిల్లలు పుట్టరు, జపాన్‌లో నిషేధించారు, పద్ధతిగా పెరిగిన మన ఆడవాళ్లకు ఆ క్యాన్సర్ రానే రాదు, అంతా కంపెనీల వ్యాపారం. పంపేవాళ్లలో చాలామంది కడుపులో భయంతోనే పంపుతున్నారు, కాబట్టి తీసిపారేయకుండా ఒక్కో మాటకీ జవాబు చెప్తాను. వీటిలో ఒకదాని వెనక నిజంగా జరిగిన అన్యాయం ఉంది. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఏడుగురి సంగతి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి మన ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేశాయి. ఖమ్మంలో గార్డసిల్ అనే బ్రాండు, వడోదరలో సెర్వారిక్స్ అనే బ్రాండు. రెండు చోట్లా కలిపి 20 వేలు దాటారు. వాళ్లలో ఏడుగురు చనిపోయిన మాట నిజం, ఐదుగురు మన పిల్లలు, ఇద్దరు గుజరాత్ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు, కేంద్రం విచారణ కమిటీ వేసింది. ఆ విచారణలో తేలింది ఏమిటంటే, ఒక అమ్మాయి క్వారీ నీళ్లలో మునిగిపోయింది, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒకరికి మలేరియా ముదిరింది. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు, ఒకరిది తీవ్ర జ్వరమని, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం అయ్యుండొచ్చని అన్నారు. టీకా తర్వాత జరిగిందల్లా టీకా వల్ల జరిగినట్టు కాదు, అన్ని వేల మంది పిల్లల్ని నెలల తరబడి గమనిస్తే, అదీ ఏజెన్సీ ప్రాంతంలో, టీకా వేసినా వేయకపోయినా కొన్ని చావులు కనబడతాయి. పాము కాటుకి, మలేరియాకి పదమూడేళ్ల పిల్ల చనిపోవడం మామూలు విషయం అని నేను అనడం లేదు. అది ఆసుపత్రి దగ్గర్లో లేకపోవడం వల్ల వచ్చిన చావు అయ్యుంటే దాని గురించి ఒక్కరూ మెసేజ్ పెట్టరెందుకు?

ఇక తొక్కిపెట్టారనే మాట. ఇక్కడే ఆగాలి అన్నాను కదా.

తొక్కిపెట్టలేదు. పార్లమెంటు స్థాయీ సంఘం దీనిమీద విచారించి 2013 ఆగస్టులో నివేదిక ఇచ్చింది, ఆ నివేదిక ఎవరినీ వదల్లేదు, పాత్‌నీ, ఐసీఎంఆర్‌నీ, ఔషధ నియంత్రణ అధికారుల్నీ అందరినీ కడిగిపారేసింది. అందులో ఒక లెక్క నన్ను ఇప్పటికీ వదలదు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి, 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అంటే భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలలో చదువుకునే పిల్లకి ఇంజెక్షన్ వేస్తున్నారని ఆ పిల్ల తల్లికి తెలియదు. వార్డెనే గార్డియన్ అనుకుని పని కానిచ్చేశారు. చదవలేని పిల్లల చేతికి ఇంగ్లిష్‌లో అచ్చేసిన టీకా కార్డులు ఇచ్చారు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ లోగో వాడటంతో అది సర్కారు వేసే మామూలు టీకాల్లాంటిదే అనుకున్నారు జనం. వేశాక ఎవరికి ఏమైందో గట్టిగా కనిపెట్టే ఏర్పాటు లేదు, పిల్లలకు బీమా లేదు. చావుల్ని లోతుగా పరిశీలించకుండానే టీకాకి సంబంధం లేదని తేల్చేశారని కూడా సంఘం తప్పుబట్టింది.

ఇదీ అక్కడ జరిగిన అన్యాయం. పేద పిల్లలు, గిరిజన పిల్లలు, హాస్టల్లో ఉంటారు, అడిగేవాళ్లు ఉండరు, అనే ధైర్యంతో జరిగిన అన్యాయం. 'టీకా ఏడుగురిని చంపింది' అని మెసేజ్ పెడితే, విచారణ కాగితం చూపించి 'అబద్ధం' అని ఒక్క మాటలో కొట్టేస్తారు, దాంతో పాటు ఆ 2,763 సంతకాల సంగతీ కొట్టుకుపోతుంది. టీకా మంచిదని చెప్పేవాళ్లలో కొందరు డాక్టర్లు ఖమ్మం పేరు ఎత్తితే చాలు 'అవన్నీ పుకార్లు' అంటారు, అది కూడా తప్పే. టీకా మంచిదైనా వేసిన పద్ధతి దుర్మార్గంగా ఉండొచ్చు, ఖమ్మంలో అదే జరిగింది.

పిల్లలు పుట్టరనేది మాత్రం వట్టి భయం. ఈ టీకాలో బతికున్న వైరస్ లేదు, దాని జన్యు పదార్థం కూడా లేదు, పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. అమెరికాలో 2006 నుంచి వేస్తున్నారు, అప్పుడు వేయించుకున్న అమ్మాయిలకు ఇప్పుడు పిల్లలున్నారు. నిజానికి గర్భసంచిని తీసేయాల్సి వచ్చేది, రేడియేషన్ పెట్టాల్సి వచ్చేది ఆ క్యాన్సర్ వచ్చినప్పుడు.

జపాన్ విషయం అలా కాదు, అక్కడ నిజంగానే ఒకటి జరిగింది. 2013లో కొందరు అమ్మాయిలకు ఒళ్లు నొప్పులు, నడవలేకపోవడం లాంటివి వచ్చాయని టీవీల్లో చూపించారు, ఆ జూన్‌లో ప్రభుత్వం నిషేధించలేదు కానీ 'వేయించుకోండి' అని చెప్పడం మానేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా ఒక్క శాతం కన్నా తక్కువకి పడిపోయింది. నగోయా నగరంలో దాదాపు 30 వేల మంది అమ్మాయిల్ని 24 రకాల లక్షణాల గురించి అడిగి పోల్చి చూస్తే వేయించుకున్నవాళ్లకీ వేయించుకోనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2022 ఏప్రిల్ నుంచి జపాన్ మళ్లీ వేయించుకోమని చెబుతోంది. మెసేజ్‌లో 2013 ఉంటుంది, 2022 ఉండదు. మధ్యలో ఆ తొమ్మిదేళ్లలో టీకా తప్పిపోయిన అమ్మాయిలకు జవాబు ఎవరు చెప్తారు? అటు స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిల్లో, 1988 నుంచి 1996 మధ్య పుట్టినవాళ్లలో, ఒక్కరికి కూడా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాలేదని 2024లో తేలింది.

పద్ధతిగా ఉన్నవాళ్లకు రాదట! ఈ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వైరస్ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ సోకుతుంది, మొగుడు తప్ప ఇంకో మనిషి తెలియని ఆవిడకి మొగుడి నుంచే వస్తుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, పోకుండా ఉండిపోయిన కొందరిలో పదిహేను ఇరవై ఏళ్లకి క్యాన్సర్ అవుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా పాతిక వేలకు పైగా ఆడవాళ్లకు ఇది వస్తోంది, 80 వేల మంది దాకా పోతున్నారు. వాళ్లందరి నడవడికనూ అనుమానిస్తారా? ఈ మాట వల్లే తెల్లబట్ట అవుతున్నా, కలిసినప్పుడు రక్తం కనబడుతున్నా ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోరు, చివరి దశలో ఆసుపత్రికి వస్తారు.

వ్యాపారం ఉందా అంటే ఉంది, మందులన్నింట్లో ఉన్నట్టే. మన దేశంలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ టీకా 2023లో మార్కెట్లోకి వచ్చింది, విదేశీ టీకాలు దానికన్నా ఖరీదు. అందుకే సర్కారు ఉచితంగా వేయడమే న్యాయం. మూడు డోసులు అక్కర్లేదు, పిల్లలకు ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతా కంపెనీల కోసమే అయితే ఆ మాట చెప్పరు.

అలాగని దీనికి ఇబ్బందులే లేవని చెప్పను. చెయ్యి నొప్పి, జ్వరం, తలనొప్పి మామూలే. ఈ వయసు పిల్లలు సూది వేయగానే కళ్లు తిరిగి పడిపోవడం ఉంది, కాబట్టి కూర్చోబెట్టి వేయాలి, అరగంట అక్కడే ఉంచాలి. చాలా అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది, దానికి మందు పక్కనే ఉండాలి. ఇంతకుముందు టీకాకి అలర్జీ వచ్చినవాళ్లు ముందే చెప్పాలి, గర్భిణులకు వేయరు.

ఇవన్నీ చెప్పాల్సింది వేసేవాళ్లు. మా అక్క కూతురికి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో వేయిస్తున్నప్పుడు, రాత్రి ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి అని అక్క అడిగితే 'నెట్‌లో చదివొచ్చారా' అని విసుక్కున్నారు. కార్డు మీద బ్యాచ్ నంబరు రాయమంటే సిస్టర్ అప్పటికే పారేసిన పెట్టెని చెత్తబుట్టలోంచి తీసి స్టిక్కర్ ఊడదీసి అతికించింది. అడగకపోతే అదీ లేదు. జనం వాట్సాప్‌ని నమ్ముతున్నారని తిట్టే డాక్టర్లు ముందు ఆ ఒక్క ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్తే సగం మెసేజ్‌లు ఆగిపోతాయి.

మీరైతే అడగండి. ఏ కంపెనీ టీకా, బ్యాచ్ ఎంత, ఏమైనా అయితే ఎవరు చూస్తారు. ఇబ్బంది వస్తే ఏఎన్ఎంకో పీహెచ్‌సీ డాక్టరుకో చెప్పి రికార్డు చేయించండి, మందుల దుష్ప్రభావాలు చెప్పుకోవడానికి 1800 180 3024 అనే ఉచిత నంబరు కూడా ఉంది. పిల్లకి టీకా వేయించే అమ్మ తన సంగతీ చూసుకోవాలి, ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు కాబట్టి వేయించుకున్న పిల్లలకి కూడా 30 దాటాక ఆ పరీక్ష తప్పదు.

ఆశ్రమ పాఠశాలల్లో మళ్లీ ఈ టీకా వేసేటప్పుడు ఒక్క వార్డెన్ సంతకం కూడా చెల్లదని ముందే జీవో ఇవ్వాలి. తల్లిదండ్రులు సంతకి వచ్చే రోజు చూసుకుని, కోయ భాష వచ్చిన ఏఎన్ఎంతో అన్నీ విడమరిచి చెప్పించి, వాళ్లు అడిగినదానికి జవాబిచ్చి, ఒప్పుకున్నవాళ్ల పిల్లలకే వేయాలి. ఒప్పుకోనివాళ్ల దగ్గరికి ఇంకో వారం ఆగి మళ్లీ వెళ్లాలి.